పరీక్షించే కుర్చీలో ఎవరు?

స్వతంత్ర భారతంలో రిజర్వేషన్ల మీద తొలి పెద్ద న్యాయపోరాటం వైద్య కళాశాల సీటు చుట్టూ నడిచింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగంగా ఉన్న ఆనాటి మద్రాసు రాష్ట్రంలో వృత్తి విద్యా కళాశాలల సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1 దక్కేవి. వైద్య విద్యలో చేరగోరిన చంపకం దొరైరాజన్ ఈ పంపకాన్ని సవాలు చేశారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. అదే ఏడాది జూన్‌లో పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) అధికరణను చేర్చింది. నేటి విద్యా రిజర్వేషన్లన్నిటికీ పునాది అదే.

మరో ముప్పై ఏళ్లకు, 1981లో, అహ్మదాబాద్ బి.జె. మెడికల్ కళాశాలలో రేగిన ఆందోళన గుజరాత్‌లో దళితుల మీద దాడులుగా మారింది. అక్కడి వివాదం పోస్టుగ్రాడ్యుయేట్ వైద్య సీట్ల గురించి. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ప్రకటించినప్పుడు వైద్య విద్యార్థులు నడివీధిలో చీపుర్లు పట్టి, చెప్పులకు పాలిష్ చేసి నిరసన తెలిపారు. తరతరాలుగా కొన్ని కులాల మెడకు కట్టిన పనులను తమ అవమానానికి సంకేతంగా వాడుకోవడంలో వారికి తప్పేమీ కనిపించలేదు. కులం గురించి ఈ దేశం జరిపిన పెద్ద తగాదాల్లో వైద్య విద్య ఇన్నిసార్లు ముందు నిలవడం యాదృచ్ఛికం కాదు. రోగి శరీరాన్ని తాకే హక్కు, అతని ప్రాణం మీద నిర్ణయం తీసుకునే అధికారం, సమాజం చేతులెత్తి మొక్కే గౌరవం ఆ పట్టాలో ఉన్నాయి.

అయితే మన చర్చ ఎప్పుడూ ప్రవేశద్వారం దగ్గరే ఆగిపోతుంది. ఎంబీబీఎస్‌లో సీటు వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. సీటు వచ్చాక దళిత, ఆదివాసీ, వెనుకబడిన తరగతుల విద్యార్థి ఏమవుతున్నాడు? తుది సంవత్సరం ఎలా గట్టెక్కుతున్నాడు? పీజీ సీటు ఎవరికి, ఏ బ్రాంచిలో దక్కుతోంది? ఈ రెండు మెట్ల దగ్గర కులం పనిచేసే తీరు ప్రవేశం దగ్గర పనిచేసే తీరు కంటే నిశ్శబ్దమైనది. ఫలితం మాత్రం దీర్ఘకాలికమైనది. ఎందుకంటే రేపటి వైద్య విద్యార్థిని పరీక్షించే కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయమయ్యేది ఇక్కడే.

మంచం పక్కన వైవా

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు. చివరి మెట్టులో జనరల్ మెడిసిన్, సర్జరీ, ప్రసూతి–స్త్రీ వైద్యం, పిల్లల వైద్యం ఎదురవుతాయి. ఈ పరీక్షకు రెండు ముఖాలున్నాయి. మొదటిది రాతపరీక్ష. అందులో జవాబు పత్రం మీద పేరుండదు. దిద్దేవారికి విద్యార్థి ఎవరో తెలియదు. రెండోది క్లినికల్ పరీక్ష. వార్డులో ఒక రోగిని అప్పగిస్తారు. విద్యార్థి ఆ రోగితో మాట్లాడి, ఒళ్లు పరీక్షించి, వ్యాధి ఏమై ఉంటుందో ఎగ్జామినర్ల ముందు నిలబడి వివరించాలి. ఇది లాంగ్ కేస్. తరువాత షార్ట్ కేసులు, ఆపైన ఎక్స్‌రేలు, పరికరాలు, మందులు బల్ల మీద పరిచి అడిగే వైవా. రాతలో నెగ్గినవాడు ఇక్కడా నెగ్గితేనే డాక్టరు.

ఈ రెండో పరీక్షలో ముసుగు లేదు. ఎదురుగా ఉన్నది మనిషి. అతని పేరు, ఇంటిపేరు, రంగు, యాస, తొడుక్కున్న బట్టలు, తడబాటు అన్నీ కనిపిస్తాయి. ఎగ్జామినర్లలో ఒకరిద్దరు బయటి కళాశాలల నుంచి వస్తారు కాని, మిగిలినవారు ఏళ్లుగా ఆ విద్యార్థిని చూస్తున్న సొంత విభాగం వారే. ఎవరు ఏ కోటాలో, ఏ ర్యాంకుతో వచ్చారో విభాగంలో అందరికీ తెలిసి ఉంటుంది. అడిగే ప్రశ్న తేలికదా కఠినమైనదా, తడబడితే చేయందిస్తారా చిరునవ్వు నవ్వుతారా, ఎంతసేపు వింటారు అన్నవన్నీ ఎగ్జామినరు ఇష్టం మీద ఆధారపడినవి. కక్షతో తప్పించే దుర్మార్గుడు ఉండనక్కరలేదు. ‘వీళ్లకు ఇంతకంటే రాదు’ అన్న ముందస్తు నమ్మకం ఒక్కటి చాలు, సరైన జవాబు కూడా అరకొరగా వినిపిస్తుంది.

భాష సంగతి మరీ విచిత్రం. ఉస్మానియాలోనో, గాంధీలోనో, విశాఖ కేజీహెచ్‌లోనో, వరంగల్ ఎంజీఎంలోనో మంచం మీద ఉన్న రోగి తన బాధను తెలుగులో చెబుతాడు. ‘నాలుగడుగులేస్తే ఆయాసం’, ‘పొద్దుగూకేసరికి కాళ్లకు నీరు పడుతోంది’, ‘గుండె దడదడలాడుతోంది’ అంటాడు. ఆ మాటల వెనుక ఉన్న పనిని, తిండిని, అప్పును పల్లె నుంచి వచ్చిన విద్యార్థి పట్టుకున్నంతగా నగరంలో ఖరీదైన బడిలో చదివిన విద్యార్థి పట్టుకోలేకపోవచ్చు. కాని మార్కులు పడేది ఆ గ్రహింపుకు కాదు. ఆయాసాన్ని డిస్నియాగా, కాళ్ల నీరును పెడల్ ఎడీమాగా మార్చి, తడుముకోని ఇంగ్లీషులో అప్పజెప్పగలిగినందుకు. వైద్యానికి కీలకమైన నైపుణ్యం లెక్కకు రాదు. దాన్ని అనువదించే నైపుణ్యం ప్రతిభగా చెలామణీ అవుతుంది.

ఇవి ఊహలని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిని పరిశీలించడానికి కేంద్రం ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. అధ్యాపకుల నుంచి తగిన సాయం అందకపోవడం, వైవా, ప్రాక్టికల్ పరీక్షల్లో వివక్ష, హాస్టల్లో వేధింపులు భరించలేక ఆ విద్యార్థులు కొన్ని అంతస్తులకు తరలిపోవడం ఆ నివేదికకెక్కాయి. దేశంలో అత్యున్నతమని చెప్పుకునే వైద్య సంస్థలో వెలివాడ ఏర్పడిందని ప్రభుత్వ కమిటీ తేల్చిన మాట అది. ఆ తరువాత మూడేళ్లకు, 2010 మార్చిలో, అదే సంస్థలో తుది సంవత్సరం చదువుతున్న బాల్‌ముకుంద్ భారతి అనే దళిత విద్యార్థి బలవన్మరణం పాలయ్యాడు. మధ్యప్రదేశ్‌లోని టీకంగఢ్ జిల్లా నుంచి వెళ్లినవాడు. కులవేధింపులే అతన్ని బలిగొన్నాయని కుటుంబం ఆరోపించింది. ఎంతటి కఠినమైన ప్రవేశ పరీక్షనైనా దాటిన బిడ్డ చివరి మెట్టు దగ్గర కూలిపోతే, లోపం ఆ బిడ్డ చదువులో వెతకడం అన్యాయం.

కాలమే పెట్టుబడి

తుది సంవత్సరం దాటితే ఏడాది పాటు హౌస్ సర్జన్‌గా పనిచేయాలి. రక్త నమూనాలు తీయడం, సెలైన్లు ఎక్కించడం, కట్లు కట్టడం, రాత్రి డ్యూటీలు, స్ట్రెచరు తోసేవాడు లేకపోతే అదీ తానే. ఈ ఏడాదిలోనే నీట్ పీజీకి తయారు కావాలి. 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. నాలుగున్నరేళ్లు వార్డులో నేర్చిన వైద్యాన్ని నాలుగు ఐచ్ఛికాల్లో ఒకదాన్ని గుర్తుపట్టే వేగంగా మార్చాలి. ఇది వేరే విద్య. దాన్ని నేర్పే కోచింగులు, యాప్‌లు, ప్రశ్నల బ్యాంకులు ఒక పరిశ్రమగా ఎదిగాయి.

డబ్బు ఉన్నవాడు ఫీజు కడతాడన్నది పైకి కనిపించే తేడా. అసలు తేడా కాలంలో ఉంది. ర్యాంకు రాకపోతే ఏడాది ఆగి మళ్లీ రాయడానికి ఒక కుటుంబానికి ఓపిక ఉంటుంది. తండ్రి డాక్టరైతే నర్సింగ్‌హోమ్ ఎదురుచూస్తుంటుంది. మరో కుటుంబంలో ఆ పట్టా మీద చెల్లి చదువు, తండ్రి అప్పు, ఊళ్లో కట్టని ఇల్లు ఆశ పెట్టుకుని ఉంటాయి. అక్కడ ‘డ్రాప్’ తీసుకోవడమనే మాటకే చోటుండదు. ఆ యువ వైద్యుడు ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా రాత్రుళ్లు పనిచేసి, పగలు చదవబోయి నిద్రపోతాడు. పరీక్ష తేదీ జరిగినప్పుడల్లా ఈ తేడా పెరుగుతుంది. 2024 జూన్ 23న జరగాల్సిన నీట్ పీజీని ముందురోజు రాత్రి వాయిదా వేసి ఆగస్టు 11న పెట్టారు. 2025లో జూన్ 15న అనుకున్న పరీక్ష, ఒకే షిఫ్టులో జరపాలన్న సుప్రీంకోర్టు ఆదేశంతో, ఆగస్టు 3కు వెళ్లింది. ఒకే షిఫ్టు న్యాయమైన కోరికే. కాని వాయిదా పడిన ప్రతి నెలా జీతం మీద బతికే ఇంటికి అప్పు, ఆస్తి మీద బతికే ఇంటికి అదనపు చదువు.

2022 జనవరిలో నీల్ ఆరీలియో న్యూన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది సరిగ్గా ఈ సంగతే. పోటీ పరీక్ష అవకాశాల్లో పైపై సమానత్వాన్నే ఇస్తుందని, కొన్ని వర్గాలకు తరతరాలుగా సమకూరిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక పెట్టుబడిని అది చూపించలేదని, రిజర్వేషన్ ప్రతిభకు విరోధి కాదని ధర్మాసనం స్పష్టం చేసింది. ఆ కేసు వచ్చినది పీజీ వైద్య సీట్ల మీదనే అన్న విషయం మనం మరవరాదు.

ప్రతిభ ఎవరికి కొలబద్ద?

పీజీ అనగానే ‘ప్రాణాలతో చెలగాటమా?’ అన్న ప్రశ్న వస్తుంది. డిగ్రీ దాకా రిజర్వేషన్ సరే, ఆపైన ప్రతిభ ఒక్కటే గీటురాయి కావాలని వాదిస్తారు. ఈ వాదాన్ని రెండు తేదీల మధ్య పెట్టి చూద్దాం. 1999లో డాక్టర్ ప్రీతి శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పీజీ ప్రవేశాల్లో అర్హత మార్కులను పరిశీలించింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సాధారణ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వుడు అభ్యర్థులకు 20 శాతం పెట్టింది. ఆ అంతరం మరీ ఎక్కువని, వైద్య ప్రమాణాలు దెబ్బతింటాయని కోర్టు తేల్చింది. 2023 సెప్టెంబరులో కేంద్రం నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు దించింది. అంటే పరీక్షకు హాజరైతే చాలు, మార్కులు సున్నా కంటే తక్కువ వచ్చినా కౌన్సెలింగ్‌కు అర్హులే. కారణం, సీట్లు మిగిలిపోవడం.

1999లో దళిత విద్యార్థి 20 శాతం మార్కులతో పీజీలో చేరితే రోగి ప్రాణానికి ప్రమాదమన్న సమాజం, 2023లో సున్నా కటాఫ్‌కు 2006 నాటిలా వీధుల్లోకి రాలేదు. చీపుర్లు బయటకు తీయలేదు. మిగిలిన సీట్లలో ఎక్కువగా ఉండేవి ఎవరూ కోరని నాన్‌క్లినికల్ బ్రాంచిలవీ, సామాన్యుడు ఫీజు కట్టలేని ప్రైవేటు కళాశాలలవీ. వెనుక ర్యాంకుతో ఆ రెండో రకం సీటు పొందడానికి కావలసింది ప్రతిభ కాదన్నది అందరికీ తెలుసు.

తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు వైద్య కళాశాలల కన్వీనర్ కోటాకే రిజర్వేషన్ ఉంది. యాజమాన్య కోటాకూ ఎన్నారై కోటాకూ లేదు. డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లోనూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ వర్తించడం లేదు. వాటి పీజీ కౌన్సెలింగ్‌లో నిలబడాలంటేనే 2 లక్షల రూపాయల ధరావతు కట్టాలి, ఫీజు ఆపైన. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు అవకాశం కల్పిస్తూ 93వ రాజ్యాంగ సవరణ 15(5) అధికరణను చేర్చి రెండు దశాబ్దాలు కావస్తున్నా, ఆ సంస్థలకు వర్తించే చట్టాన్ని పార్లమెంటు చేయలేదు. 2024 సెప్టెంబరులో పంజాబ్ ప్రభుత్వం ఎన్నారైల దూరపు బంధువులకు సైతం ఆ కోటాను విస్తరింపజేయబోతే, ఇది మోసమని సుప్రీంకోర్టు గద్దించవలసి వచ్చింది. డబ్బుకు ఉన్న కోటాను ఎవరూ కోటా అనరు. దాని లబ్ధిదారుని ‘కోటా డాక్టరు’ అని ఏ వార్డులోనూ పిలవరు.

రోస్టర్ లెక్కలో జారిపోయేది

పీజీలో రిజర్వేషన్ కాగితం మీద ఉన్నంత నిండుగా చేతికి రాదు. ముందుగా అఖిల భారత కోటా చరిత్ర చూడాలి. 1986లో మొదలైన ఈ కోటాలోకి నేడు ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం వెళుతున్నాయి. 2007 దాకా ఇందులో ఏ రిజర్వేషనూ లేదు. ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం వచ్చింది. రాష్ట్రాలు వదిలిన సీట్లలో ఓబీసీలకు వాటా దక్కడానికి 2021 జూలై దాకా ఆగవలసి వచ్చింది. అదీ తమిళనాడు పార్టీలు మద్రాసు హైకోర్టులో పోరాడాక. ఈ ముప్పై అయిదేళ్లలో ఒక తరం వెనుకబడిన తరగతుల వైద్యులు తమ రాష్ట్రం వదిలిన సీట్లలో తమ వాటా లేకుండానే పోటీపడ్డారు.

ఇక రెండోది చిన్న అంకెల చిక్కు. ఎంబీబీఎస్‌లో ఒక కళాశాలకు వంద, నూటయాభై సీట్లు ఉంటాయి. అక్కడ 15 శాతమంటే లెక్క తేలిక. పీజీలో సీట్లు విభాగాల వారీగా చీలిపోతాయి. రేడియాలజీలో ఒక కళాశాలకు నాలుగు సీట్లుంటే, సగం అఖిల భారత కోటాకు పోగా మిగిలేవి రెండు. రెండింటిలో 15 శాతం ఎంత? అందుకే రోస్టర్ వరుస తప్పదు. ఆ వరుసలో ఎవరి పాయింటు ఎక్కడ పడుతుందన్నది ఒక యువ వైద్యుడి జీవితాన్ని నిర్ణయిస్తుంది. మొత్తం సీట్లలో శాతం సరిపోయినా, అందరూ కోరే రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ వంటి బ్రాంచిల్లో ఒక వాటా, అనాటమీ, ఫిజియాలజీ వంటి వాటిలో మరో వాటా పడే వీలుంది. మొత్తం లెక్క చూపించి సామాజిక న్యాయం జరిగిందనడం సరిపోదు. బ్రాంచి వారీ లెక్క కావాలి.

సొంత ర్యాంకుతో ఓపెన్‌లో సీటు పొందగలిగిన రిజర్వుడు అభ్యర్థి, మెరుగైన సీటు కోసం తన కోటాలోకి మారితే ఏమవ్వాలి? అతడు వదిలిన ఓపెన్ సీటును అదే వర్గానికి చెందిన మరొకరితో నింపాలన్నది ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన 550 జీవో సారాంశం. ఈ నియమం మీద ఎన్ని కోర్టు వ్యాజ్యాలు నడిచాయో మన విద్యార్థి సంఘాలకు తెలుసు. ఇది అమలు కాకపోతే, బాగా చదివిన దళిత విద్యార్థి తన వర్గపు సీటునొకదాన్ని తగ్గించినవాడవుతాడు. ప్రతిభ చూపినందుకు శిక్ష అతని వెనుక నిలబడ్డవాడికి పడుతుంది.

2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసు తీర్పు తరువాత ఎస్సీ వర్గీకరణ మన రెండు రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చింది. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలు, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతాలు. వర్గీకరణను సమర్థించేవారైనా విమర్శించేవారైనా పీజీ దగ్గర ఒక ప్రశ్నకు కలిసి సమాధానం వెతకాలి. రెండేసి మూడేసి సీట్లున్న విభాగాల్లో 1 శాతం వాటాదారుడి వంతు ఎప్పుడు వస్తుంది? అట్టడుగున ఉన్న కులాల నుంచి ఒక్క సర్జన్ కూడా తయారు కాకుండానే ఏళ్లు గడిచిపోతే, వర్గీకరణ ఆశయం ఆ మెట్టు దగ్గర చేరవలసిన వారిని చేరనట్టే. సీట్లను విభాగాలుగా కాక సమూహంగా లెక్కించే పద్ధతిని ప్రభుత్వాలు ఆలోచించాలి.

సీటు వచ్చాక

ఇన్ని దాటి పీజీలో చేరిన వారికి అక్కడ ఎదురయ్యేదేమిటో రెండు మరణాలు చెప్పాయి. 2019 మేలో ముంబయిలో స్త్రీ వైద్య విభాగంలో పీజీ చేస్తున్న ఆదివాసీ వైద్యురాలు డాక్టర్ పాయల్ తడ్వీ ఆత్మహత్య చేసుకున్నారు. కులం పేరుతో వేధించారన్న ఆరోపణపై ముగ్గురు సీనియర్ల మీద కేసు నమోదైంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కళాశాలలో అనస్థీషియా మొదటి సంవత్సరం చదువుతున్న లంబాడా బిడ్డ డాక్టర్ ప్రీతి మృత్యువుతో పోరాడి నిమ్స్‌లో కన్నుమూశారు. సీనియర్ వేధింపుల ఆరోపణపై ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టారు. దోషులెవరో తేల్చవలసింది న్యాయస్థానాలు. కాని ఆ ఇద్దరూ తమ తండాలకు, గూడేలకు స్పెషలిస్టులై తిరిగి రావలసినవారన్న నిజానికి తీర్పు అక్కరలేదు.

పీజీ జీవితం పూర్తిగా పైవారి చేతుల్లో ఉంటుంది. డ్యూటీ వేసేది సీనియర్. శస్త్రచికిత్సలో చేయి పెట్టనిచ్చేది అసిస్టెంట్ ప్రొఫెసర్. థీసిస్ మీద సంతకం చేసేది గైడు. చివరి పరీక్షలో మళ్లీ మంచం పక్కన నిలబెట్టి అడిగేదీ ఆ విభాగమే. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటల పని అంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 74 గంటలకు మించవద్దని సిఫారసు చేసిందంటే వాస్తవంలో ఎంత పనిచేయిస్తున్నారో ఊహించవచ్చు. అంతులేని పనిగంటల్లో అందరూ నలుగుతారు, నిజమే. కాని ఎవరికి గోడు చెప్పుకోవడానికి విభాగంలో సొంతమనిషి ఉన్నాడు, ఎవరికి లేడు అన్న దగ్గర కులం మళ్లీ తల ఎత్తుతుంది. ‘కోటా’ అన్న మాట విసిరినప్పుడు పక్కన నిలబడే ప్రొఫెసర్ ఒక్కరైనా ఉంటే కథ వేరుగా ఉంటుంది.

ఆ ప్రొఫెసర్ ఎక్కడి నుంచి రావాలి? సాధారణంగా ఎండీ, ఎంఎస్ చేసినవారే వైద్య కళాశాలల్లో అధ్యాపకులవుతారు. కొన్నేళ్లు బోధించాక ఎగ్జామినర్లవుతారు. అంటే పీజీ సీటు దగ్గర జారిపోయిన ప్రతి దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థి, పదేళ్ల తరువాత ఖాళీగా ఉండబోయే ఒక ఎగ్జామినర్ కుర్చీ. ఆపైన డీఎం, ఎంసీహెచ్ వంటి సూపర్ స్పెషాలిటీ ప్రవేశాలకు కోర్టు తీర్పుల కారణంగా రిజర్వేషన్ లేదు. 2013లో ఎయిమ్స్ ఫ్యాకల్టీ అసోసియేషన్ కేసులో సూపర్ స్పెషాలిటీ అధ్యాపక పోస్టులకూ రిజర్వేషన్ కూడదన్న వైఖరినే సుప్రీంకోర్టు తీసుకుంది. గుండె, మెదడు, మూత్రపిండాల వైద్యుల గదుల్లో సామాజిక న్యాయం గుమ్మం దగ్గరే నిలిచిపోయింది. కింద పరీక్షించేవాడు మారడు కనుక పైకి చేరేవాడు మారడు. పైకి చేరేవాడు మారడు కనుక కింద పరీక్షించేవాడు మారడు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

తెంచవలసిన చోట్లు

మొదటిది, తుది సంవత్సరం క్లినికల్ పరీక్ష. ఎగ్జామినర్ ఇష్టానికి వదలకుండా, ప్రతి విద్యార్థికీ ఒకే తరహా ప్రశ్నలు, ముందే నిర్ణయించిన మార్కుల పట్టిక, నిర్ణీత సమయం ఉండే పద్ధతి వైద్య విద్యకు కొత్త కాదు. దాన్ని అన్ని విభాగాలకూ తప్పనిసరి చేయాలి. రోగితో తెలుగులో మాట్లాడి వివరాలు రాబట్టిన తీరుకు విడిగా మార్కులివ్వాలి. విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు రాత, క్లినికల్ ఫలితాలను సామాజిక వర్గాల వారీగా ఏటా వెల్లడించాలి. రాతలో బాగా వచ్చినవారు క్లినికల్‌లో మాత్రమే తప్పుతుంటే అది ఎక్కడ జరుగుతోందో ఆ లెక్కలే చెబుతాయి.

రెండోది, నెక్స్ట్ పరీక్ష. జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019 తుది సంవత్సర పరీక్షనూ, వైద్య వృత్తి అనుమతినీ, పీజీ ప్రవేశాన్నీ ఒకే పరీక్షగా కలపాలంది. 2023లో దాన్ని వాయిదా వేశారు. అది ఏనాడైనా వస్తే, పేరు కనిపించని పరీక్షగా మేలు చేయవచ్చు. కోచింగు కొనుక్కోలేని విద్యార్థికి పట్టా, పీజీ రెండూ ఒక్క దెబ్బకు దూరం చేయనూవచ్చు. ముసాయిదా దశలోనే దళిత, బహుజన విద్యార్థి సంఘాలు జోక్యం చేసుకోవాలి. వచ్చాక ధర్నాలు చేస్తే లాభం తక్కువ.

మూడోది, కాలాన్ని కొనివ్వడం. సివిల్స్, గ్రూప్స్ అభ్యర్థులకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ స్టడీ సర్కిళ్లు నీట్ పీజీకీ శిక్షణ ఇవ్వాలి. హౌస్ సర్జన్ల స్టైపెండు నెలనెలా చేతికి రావాలి. హౌస్ సర్జన్సీ పూర్తయిన ఎస్సీ, ఎస్టీ, బీసీ వైద్యులకు ఒక ఏడాది చదువు భృతి ఇస్తే, ప్రభుత్వానికయ్యే ఖర్చు ఒక స్పెషలిస్టు లేని జిల్లా ఆసుపత్రి వల్ల ప్రజలకయ్యే ఖర్చు కంటే తక్కువే. ప్రైవేటు సీట్లకు 15(5) కింద చట్టం, బ్రాంచి వారీ రిజర్వేషన్ లెక్కల ప్రకటన, ప్రతి వైద్య కళాశాలలో విభాగాధిపతుల పరిధికి వెలుపల పనిచేసే ఫిర్యాదుల వ్యవస్థ, ఖాళీగా ఉన్న రిజర్వుడు అధ్యాపక పోస్టుల భర్తీ కూడా ఈ జాబితాలోనివే.

1951లో ప్రతి 14 సీట్లలో 2 దక్కాలన్న పాత లెక్కను కోర్టు కొట్టేస్తే, రాజ్యాంగాన్ని సవరించి అయినా ఆ తలుపు మూసుకోకుండా ఆపారు. నాటి పార్లమెంటుకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. అవకాశం అనేది కళాశాలలో చేరిన రోజుతో ముగిసేది కాదు, చదువంతా నడిచేది. ప్రవేశం దగ్గర మాత్రమే కాపలా కాసే సామాజిక న్యాయం సగం న్యాయమే. వైద్య విద్యార్థి సంఘాలు, జూనియర్ డాక్టర్ల సంఘాలు, కుల నిర్మూలన కోరే పార్టీలు ఇకపై అడగవలసిన ప్రశ్న సూటిగా ఉండాలి. ఈ ఏడాది ఎంతమందిని చేర్చుకున్నారన్నదానితో పాటు, ఎంతమంది తొలి ప్రయత్నంలో గట్టెక్కారు, వారిలో ఎంతమంది ఏ బ్రాంచిలో పీజీకి చేరారు, వారిలో ఎంతమంది అధ్యాపకులయ్యారు? ఈ నాలుగు అంకెలను ప్రభుత్వాల చేత ఏటా చెప్పించగలిగితే, పరీక్షించే కుర్చీలో ఎవరున్నారో, ఎవరు లేరో దేశం లెక్కపెట్టుకోగలుగుతుంది.